మొండిరాయి స్టేజీ

కందులవోలు
12 ఫిబ్రవరి 2000

ఒరేయ్ త్రినాథూ,

మీ అక్క మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. చీరాల ఎండల సంగతి, నీ ఉబ్బసం సంగతి తర్వాత అడుగుతాను. ముందు బస్సు సంగతి.

రాత్రి మా ఊళ్ళో పడుకుని తెల్లారకముందే గుంటూరు బయల్దేరే ఎర్రబస్సు నీకు కొత్తది కాదు. నీ పెళ్ళికి మేమంతా వచ్చింది దాన్లోనే. దాని డ్రైవరు అల్లాబక్షు, కండక్టరు బాలు. ఆ ఇద్దరికీ రాత్రి భోజనం ఊరి వంతు. ఇల్లిల్లూ వరస. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గాని బస్సు వచ్చిన నాటి నుంచీ ఒక్క పూట తప్పలేదు. ఏ ఇంట్లో పప్పు పల్చనో, ఏ ఇంట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం లేదో సర్పంచి కన్నా అల్లాబక్షుకే బాగా తెలుసు. సర్పంచికి ఎవరూ అన్నం పెట్టరు గదా.

నిన్న మా వంతు. మీ అక్క గోంగూర చేసింది. బాలు రెండో ముద్ద కలుపుకుంటూ, "ఇంకెన్ని వంతుల్లే బాబాయ్, ఉగాది దాటితే ఈ బస్సు ఉండదు" అన్నాడు.

"అదేంట్రా?"

"నష్టమంట."

"ఎవరికి?"

"అది నాకు చెప్పలా."

అల్లాబక్షు మజ్జిగ తాగకుండా లేచాడు. దాన్నిబట్టి నిజమేనని తెలిసింది.

త్రినాథూ, ఈ బస్సులో రోజూ పదిహేనుమంది ఆడవాళ్ళు గుంటూరు కోల్డు స్టోరేజీలకి వెళ్ళి మిరపకాయల తొడిమలు తీసి, చేతులు మండుతూ పొద్దుగూకి తిరిగొస్తారు. వాళ్ళని పోగేసి తీసుకెళ్ళేది మా చెల్లెలు పుల్లమ్మ. దాని మొగుడు పోయినప్పుడు "మా ఇంట్లో ఉండిపోవే" అన్నాను. "ఉంటాలే అన్నా, కాళ్ళూ చేతులూ పడిపోయినాక" అంది. అప్పట్నుంచీ ఆ రేకుల ఇంట్లో తన అన్నం తను వండుకుంటోంది. బస్సు పోతే ఆ కూలి పోతుంది. అప్పుడు అది మా వంటింట్లోకి రావాలి. ఈ మాట చెవినబడగానే మీ అక్క పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, "త్రినాథుకి ఉత్తరం రాయండి" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను మీ వాళ్ళకి ఉత్తరం రాయమనడం ఇదే మొదలు. వాళ్ళిద్దరూ ఒక పోపుగరిటె పట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలుసు.

నవ్వులాటగా రాస్తున్నాను గాని, ఇంతవరకు చెయ్యి చాచని మనిషిరా అది.

నువ్వు ఆ బస్సుల ఆఫీసు ట్రాఫిక్ సెక్షన్లోనే కూర్చుంటావు గదా. నష్టం ఎవరిదో, మా టిక్కెట్టు డబ్బులు ఎటు పోతున్నాయో అర్థమయ్యేలా రాయి. నేను బడికి వెళ్ళింది తక్కువే అయినా, పొట్లం కట్టిన కాగితం కూడా చదవకుండా పారేయని వాణ్ణని గుర్తుంచుకుని రాయి.

మీ బావ,
అంకమ్మరావు

*

చీరాల
21 ఫిబ్రవరి 2000

పూజ్యులైన బావగారికి త్రినాథ్ నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. అక్కయ్య మోకాలికి ఆముదం కాచి రాయమని మనవి.

మీరు అడిగిన విషయం. ప్రయాణికుడిచ్చే రూపాయిలో పెద్ద భాగం డీజిలుకి పోతుంది. ఆ డీజిలు ధరలో అమ్మకపు పన్ను కలిసే ఉంటుంది. వసూలైన దాంట్లోంచి ప్రభుత్వానికి మోటారు వాహనాల పన్ను కట్టాలి. లాభమొచ్చినా కట్టాలి, నష్టమొచ్చినా కట్టాలి. తర్వాత జీతాలు, టైర్లు, అప్పులకి వడ్డీ. పిల్లల పాసులకి ప్రభుత్వం రాయితీ ప్రకటిస్తుంది. తగ్గించిన ఆ డబ్బు ప్రభుత్వం మాకు తిరిగివ్వాలి. ఇస్తుంది. ఎప్పుడన్నది అడగకూడదు. ఇక మిగిలింది, లాభమొచ్చే రూట్ల డబ్బుతో నష్టమొచ్చే రూట్లని నడపడం. మీది రెండో రకం.

మార్చి రెండో వారంలో మీ బస్సు మీద వారం రోజుల సర్వే ఉంది. సీట్లు బాగా నిండితే బస్సు ఉంటుంది. లేకపోతే తీసేస్తారు. ఇది ఆఫీసు విషయం కనుక దయచేసి మీలోనే ఉంచుకోండి.

పుల్లమ్మ వదినని అడిగినట్లు చెప్పండి.

ఇట్లు విధేయుడు,
త్రినాథ్

*

కందులవోలు
20 మార్చి 2000

త్రినాథూ,

నాలోనే ఉంచుకోమన్నావని మైకులో చెప్పలేదు. డప్పు వేయించాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకర్థమైంది ఇది. ప్రభుత్వం బస్సు దగ్గర ఒక చేత్తో పన్ను తీసుకుంటుంది. రెండో చేత్తో బస్సుకి ఇవ్వాల్సింది జేబులోనే ఉంచుకుంటుంది. మూడో చేత్తో, నీకు నష్టమొస్తోంది ఇంటికి పొమ్మంటుంది. మనకి రెండు చేతులే గనక ఇలాంటివి చేతగావు. అయినా ప్రయత్నించి చూద్దామనుకున్నాం.

పొలం కాపలా మనిషికి ఎకరానికి ఇంతని వేసుకుంటాం గదా, అదే లెక్కన బస్సుకీ వేద్దామన్నాను. పోగైన డబ్బుతో సర్వే వారమంతా టిక్కెట్లు కొని సీట్లు నింపాలి. పని ఉన్నవాడు పని మీద, లేనివాడు ఊరి మీద.

పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు. మొదట లేచింది ఆటో నాగూర్ వలి. "నా కడుపు మీద కొట్టే బస్సుకి నేనే పన్ను గట్టాలా పెదనాన్నా?" అన్నాడు.

"నీ ఆటో నడిచే తారురోడ్డు ఎవడేశాడ్రా?"

"ఏశారు. ఆటో కొన్నప్పుడు నేను గూడా ట్యాక్సు కట్టా."

"ఆ బస్సు కూడా కట్టిందిరా. రోజూ కడుతోంది."

వాడు తల గోక్కుని, "అయితే మేమిద్దరం ఒక పార్టీనే" అని కూర్చున్నాడు.

తర్వాత బుల్లయ్య. పదిహేనెకరాల మిరపతోట, కొత్త హీరో హోండా ఉన్న మనిషి. "నా జన్మలో బస్సెక్కను. నేనెందుకివ్వాలి?" అన్నాడు. దానికి పుల్లమ్మ, వెనక ఆడవాళ్ళలోంచే, "నువ్వెక్కవు బాబాయ్. నీ తోటలో కాయ కోసేవాళ్ళు పైఊళ్ళ నుంచి ఏ బండి మీద వస్తున్నారో ఒక్కసారి చూడు. రేపట్నుంచి నీ హోండా మీద తోలుకొచ్చుకుంటావా, ముగ్గురు ముగ్గురు చొప్పున?" అంది. జనం నవ్వారు. బుల్లయ్య ఇచ్చాడు.

అంతవరకు బాగానే ఉంది. అక్కడ సర్పంచి లేచి రాయితీలు ప్రకటించాడు. ముసలివాళ్ళకి మాఫీ అన్నాడు. మా ఊళ్ళో నలభై దాటినవాళ్ళంతా ఆ సాయంత్రానికే ముసలివాళ్ళయ్యారు. పత్తికి పురుగు తగిలినవాళ్ళకి మాఫీ అన్నాడు. పురుగు తగలని చేను ఏది? బాలింతలకి మాఫీ, వచ్చే ఏడు బాలింతలయ్యేవాళ్ళకి మాఫీ, తనకి ఓట్లు పడ్డ వీధికి మొత్తంగా మాఫీ. పన్ను వసూలుకి తన మేనల్లుణ్ణి పెట్టాడు. వాడికి సైకిల్ ట్యూబు, టీ, బీడీకట్ట ఖర్చు రాశారు. చివరికి పన్ను కట్టాల్సినవాళ్ళం నేనూ, బుల్లయ్యా, నాగూర్ వలీ తేలాం. అప్పుడు నాకు మీ సంస్థ మీద మొదటిసారి జాలేసింది.

అయినా టిక్కెట్లు కొన్నాం. మాఫీ పొందినవాళ్ళు కూడా సిగ్గుపడో, గుంటూరు మీద మోజుతోనో తలా ఒక టిక్కెట్టు సొంతాన కొన్నారు. బస్సు పైన కూడా జనమే. సర్వే ఆయనకి కూర్చునే చోటు లేక ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ రాసుకున్నాడు. పాపం మంచివాడు, వారమంతా రాత్రి భోజనం ఊళ్ళోనే తిన్నాడు. వచ్చిన చిక్కల్లా గుంటూరులో దిగాక ఏం చేయాలో ఎవరికీ తోచకపోవడం. మొదటి రోజు స్టేషన్ దగ్గర పూరీలు తిన్నాం. రెండో రోజూ అవే పూరీలు. మూడో రోజు ఒకడు కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. దాంతో ఇప్పుడు ఊళ్ళో సగం మందికి కళ్ళద్దాలున్నాయి. మీ అక్క కూడా పెట్టించుకుంది. పెట్టుకుని నన్ను పరీక్షగా చూసి, "ఇలా ఉన్నారా" అంది.

బస్సు నిలబడినట్టే గదా? వెంటనే రాయి.

మీ బావ

*

చీరాల
7 ఏప్రిల్ 2000

పూజ్యులైన బావగారికి,

ఏం చేశారు బావగారూ?

సర్వే కాగితాలు నా బల్ల మీదికే వచ్చాయి. మీ బస్సు నిండడం కాదు, పొంగింది. అందరూ చివరిదాకా, గుంటూరుకే టిక్కెట్టు కొన్నారు. దారిలో ఎక్కినవాళ్ళు లేరు, దిగినవాళ్ళు లేరు. ఇలాంటి రూటు మా ప్రాంతంలో మరొకటి లేదని మా ఆఫీసరు గారు ఎర్ర సిరాతో గీత గీశారు. పల్లెవెలుగుగా ఉండాల్సిన బస్సు కాదన్నారు.

మే ఒకటి నుంచి మీ బస్సు ఎక్స్‌ప్రెస్. కొత్త బండి, మెత్తటి సీట్లు, కొంచెం ఎక్కువ చార్జీ. రాత్రి పడక మీ పైనున్న మండలం సెంటరులో. అల్లాబక్షు, బాలులే డ్యూటీ. మీ ఊరి మీదుగానే వెళ్తుంది.

ఎక్స్‌ప్రెస్ గనక మీ ఊళ్ళో ఆగదు.

ఆఫీసులో అందరూ నాకు షేక్‌హ్యాండు ఇచ్చారు. మా అక్కయ్యగారి ఊరని చెప్పుకున్నాను. ఇప్పుడు ఏం చెప్పాలో తెలియడం లేదు.

త్రినాథ్

*

కందులవోలు
19 మే 2000

త్రినాథ్‌కి,

ఈసారి "ఒరేయ్" అనడం లేదు. అంత దగ్గరి మనిషివని అనిపించడం లేదు.

మా పన్నుతో మెత్తటి సీట్లు కొన్న బస్సు రోజూ మా ఇళ్ళ ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ పోతోంది. సగం ఊరు కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని స్పష్టంగా చూస్తోంది. అల్లాబక్షు మా ఊరు వచ్చేసరికి తల కిందికి వంచేస్తున్నాడని జనం అంటున్నారు. డ్రైవరు అలా చేయకూడదని చెప్పు.

మా చెల్లెలు మొదటి వారం మా వంటింట్లో ఉంది. మొదటి రోజు చారులో ఉప్పు ఎవరు వేశారని ఎవరూ అడగకుండానే ఇద్దరూ వేశారు. రెండో రోజు ఇద్దరూ వేయలేదు. నాలుగో రోజు పుల్లమ్మ నాకు అన్నం వడ్డిస్తూ, "ఇంకొంచెం పెట్టమంటావా అన్నా" అని అడిగింది. అలా వంగి అడగడం దానికి చేతకాదురా. చిన్నప్పుడు నా కంచంలోంచి చేప ముక్క లాక్కున్న మనిషి. నేను తినలేక లేచాను. మీ అక్క కూడా ఆ రాత్రి కళ్ళద్దాలు తీసేసి కూర్చుంది.

మర్నాడు తెల్లారి చూస్తే పుల్లమ్మ లేదు. ఆడవాళ్ళని వెంటేసుకుని, చీకట్లో పత్తి చేలగుండా రెండు మైళ్ళు నడిచి మొండిరాయి దగ్గర బస్సెక్కిందట. అక్కడ ఒక్క ఇల్లు లేదు, మనిషి లేడు. అయినా బస్సు ఆగిందట. మనుషులున్న ఊరి ముందు ఆగని బస్సు, నక్కలు తిరిగే చోట ఆగడం ఏం శాస్త్రం? పాములున్న చేను అది. ఎవరినన్నా కరిస్తే ఆ లెక్క ఏ సర్వేలో రాసుకుంటారు?

అంకమ్మరావు

*

చీరాల
28 మే 2000

బావగారికి,

మీలోనే ఉంచుకోండని రాశాను. ఆ మాట ఇంకోసారి రాయకుండా ఉందామనుకున్నాను, రాశాను. మన్నించండి.

మొండిరాయి సంగతి పాత ఫైళ్ళు తీసి చూశాను. కాలువ తవ్వే రోజుల్లో అక్కడ కూలీల గుడిసెలు వందలకొద్దీ ఉండేవట. అప్పుడు స్టేజీ ఇచ్చారు, అన్ని బస్సులూ ఆగాలని. కాలువ పూర్తయింది. గుడిసెలు పోయాయి. స్టేజీ కాగితం మీద ఉండిపోయింది. అక్కడ ఎవరూ ఎక్కరు గనక బస్సు ఆగేదీ లేదు, ఖర్చయ్యేదీ లేదు. తీసేయాలని ఎవరికీ తోచలేదు.

మీ ఊరికి స్టేజీ కావాలంటే కొత్తగా అర్జీ, మళ్ళీ సర్వే. పెట్టమంటారా?

వదినని చీకట్లో నడవొద్దని చెప్పండి. నా మాటగా చెప్పండి.

త్రినాథ్

*

కందులవోలు
14 ఆగస్టు 2000

ఒరేయ్ త్రినాథూ,

కోపం తీరింది. నువ్వేం చేస్తావులే. ఆముదం పనిచేసింది, మీ అక్క మెట్లెక్కుతోంది.

కొత్త బస్సుకి ఒక జబ్బు వచ్చింది. మొండిరాయి దాటి సరిగ్గా మా ఊరు వచ్చేసరికి ఇంజను కాగిపోతోంది. రోజూ, అదే చోట. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అంతే. అల్లాబక్షు బస్సు పక్కకి తీసి, దిగి, "రేడియేటరుకి నీళ్ళు కావాలి" అని కేకేస్తాడు. ఎవరో ఒకరు బిందె తెస్తారు. ఆయన నెమ్మదిగా, నెయ్యి పోసినట్టు పోస్తాడు. ఈలోగా బస్సు తలుపు ఎందుకు తెరుచుకుంటుందో, ఆడవాళ్ళు లోపలికి ఎలా చేరతారో నేను చూడలేదు. నాకు కళ్ళద్దాలు లేవు.

మొదటి రోజు బుల్లయ్య ఊరుకోలేక, "కొత్త బండి గదయ్యా, అప్పుడే ఎట్టా కాగింది?" అని అడిగాడు. అల్లాబక్షు బానెట్ మూస్తూ, "ఈ ఊరి అన్నం పదిహేనేళ్ళు తిన్నా బుల్లయ్యగారూ. ఇక్కడికొచ్చేసరికి దానికే కాగిద్ది" అన్నాడు.

టిక్కెట్టు మాత్రం బాలు ఖరాఖండీ. మా ఊరికి స్టేజీ లేదు గనక మొండిరాయి నుంచి కొడతాడు. ఎక్కని చోటు నుంచి, రాని రోడ్డుకి కూడా డబ్బులివ్వాలి. పైగా ఎక్స్‌ప్రెస్ చార్జీ. ఆ పైన పడేది కూలోళ్ళు భరించలేరు. ఊరి బస్సు పన్నులో టిక్కెట్లకి పోను కొంచెం మిగిలింది, దాన్ని దీనికి పెట్టాం. అయిపోతే మళ్ళీ వేద్దామన్నది ఎవరనుకున్నావు? బుల్లయ్య. ఈసారి రాయితీలు లేవు. సర్పంచిని మీటింగుకి పిలవలేదు.

ఇంకో మాట. భోజనం వంతులు పోయాయి గనక ఇప్పుడు నీళ్ళ వంతు పెట్టుకున్నాం. ఇల్లిల్లూ వరస.

పుల్లమ్మ తన ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ మీ అక్కకి అరకేజీ ఎండుమిర్చి ఇచ్చింది. మీ అక్క తీసుకుంది.

మీ బావ

*

చీరాల
27 డిసెంబరు 2000

పూజ్యులైన బావగారికి,

ఒక చిక్కు వచ్చింది. మొండిరాయి స్టేజీ వసూలు పెరిగింది. ఏళ్ళ తరబడి సున్నా ఉన్న చోట రోజూ పదిహేను టిక్కెట్లు. ఆఫీసరు గారు నన్ను పిలిచి, "త్రినాథ్, అక్కడ కొత్త కాలనీ ఏదన్నా వచ్చిందా?" అని అడిగారు. నేను ఇరవై రెండేళ్ళ సర్వీసులో పై అధికారికి అబద్ధం చెప్పలేదు. "ప్రయాణికులున్నారు సార్, టిక్కెట్టు కొంటున్నారు సార్" అన్నాను. రెండూ నిజమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆయన సంతోషించి, అంత రద్దీ ఉన్న చోట ప్రయాణికులు ఎండలో నిలబడకూడదని పైకి రాశారు. ఎవరో నాయకుడి నిధులతో మొండిరాయిలో బస్సు షెల్టరు కట్టబోతున్నారు. సంక్రాంతి వెళ్ళాక ప్రారంభం.

బావగారూ, ఇది ఇక్కడితో ఆగాలి. నేను అసలు సంగతి రాసి ఒక ఫైలు తయారుచేశాను. మొండిరాయి స్టేజీ రద్దు చేసి, కందులవోలుకి న్యాయంగా స్టేజీ ఇవ్వమని. చార్జీ కూడా తగ్గుతుంది. వదిన దర్జాగా ఊళ్ళోనే ఎక్కవచ్చు. మీరు ఊఁ అంటే సంతకం పెట్టి పంపుతాను.

త్రినాథ్

*

కందులవోలు
29 జనవరి 2001

ఒరేయ్ త్రినాథూ,

షెల్టరు ప్రారంభం నిన్న జరిగింది. నాయకుడు వచ్చాడు. ఎదురుగా చూస్తే పత్తి మోళ్ళూ, రెండు గేదెలూ. సభకి జనం లేకపోతే బాగుండదని నాగూర్ వలి ఆటోలో మమ్మల్ని పది ట్రిప్పులు తోలారు. ఆ కిరాయి ఏ నిధుల్లోంచి ఇచ్చారో గాని, వాడు చాలా సంతోషంగా ఉన్నాడు. నాయకుడు మైకు పట్టుకుని, "మొండిరాయి ప్రజల చిరకాల వాంఛ ఈనాటికి నెరవేరింది" అన్నాడు. మేం మొండిరాయి ప్రజలమై చప్పట్లు కొట్టాం. బల్ల మీద కూర్చుని చూశాను, గాలి బాగా వస్తోంది. ఆ షెల్టరు దగ్గర ఇంతవరకు బస్సెక్కినవాడు లేడు, ఇక ముందు ఎక్కేవాడూ లేడు. అంత శుభ్రమైన షెల్టరు జిల్లాలో ఉండదు.

నీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. న్యాయంగా స్టేజీ అంటే నాకూ ఆశ పుట్టింది. మీ అక్క కూడా సరేనంది. పుల్లమ్మ మాత్రం అన్నం తింటున్నదల్లా ఆగింది. ఆదివారం గదా, మా ఇంట్లోనే తింది, చుట్టంలాగా. తను చెప్పింది చెప్పినట్టు రాయమంది. రాస్తున్నాను.

"త్రినాథూ, నీకు పుణ్యముంటది, ఆ కాయితం చింపెయ్. మా ఊరికి టేజీ ఇయ్యమాక. ఇస్తే మా ఊరి పేరు ఎక్కుద్ది. పేరెక్కితే ఏడాదికో మనిషొచ్చి మమ్మల్ని లెక్కెడతాడు. ఒకేడు తక్కువైతే తీసేస్తారు, ఇంకోయేడు ఎక్కువైతే ఆపకుండా పోతారు. మేమెంతమంది ఎక్కితే మీకు సరిపోద్దో మాకు తెలవదు, మీకూ తెలవదు. మొండిరాయికి ఆ బాధ లేదు. ఇరవై ఏళ్ళు ఒక్క మనిషి ఎక్కకపోయినా దాన్నెవుడూ తీసెయ్యలేదు గందా. ఆ నాలుగు రూపాయలు ఎక్కువైనా నేనిచ్చుకుంటా. లేని ఊళ్ళోనే ఎక్కుతాం మేము. నువ్వు నిద్రపో."

అది చెప్పి, కంచం తనే కడుక్కుని వెళ్ళిపోయింది. మీ అక్క వెనకనుంచి, "ఆదివారం ఆదివారం వస్తూ ఉండవే" అంది. నేను నా చెవులతో విన్నాను.

కాబట్టి త్రినాథూ, ఆ ఫైలు సంగతి ఈసారి నువ్వే నీలో ఉంచుకో.

రేపు నీళ్ళ వంతు మాది. బిందె తోమి గడప దగ్గర పెట్టాం. బస్సు కాగే వేళకి నేను లేవాలి, ఉంటాను.

మీ బావ,
అంకమ్మరావు
మొండిరాయి వాస్తవ్యుడు